కింది మాట పైకి చేరని చోట
(వైద్య పరికరాల నాణ్యత విభాగాల ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి ఉద్యోగులకు, ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న యువ ఇంజినీర్లకు నమస్కారం. వైద్య పరికరాలు తయారుచేసే సంస్థల నాణ్యత విభాగాల్లో నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఈ రోజు నాకు అప్పగించిన అంశం ఆ సంస్థల్లోని యాజమాన్య లోపాలు, పని వాతావరణం. ఈ మాట వినగానే కేకలు వేసే మేనేజరు, మంజూరు కాని సెలవు, పక్షపాతంతో రాసిన అప్రైజల్ చాలామందికి గుర్తుకొస్తాయి. వాటి బాధ చిన్నదని నేను అనను, నేనూ పడ్డాను. అయితే మిగతా వ్యాపారాల్లో ఆ బాధ చాలావరకు ఉద్యోగి వెంట ఇంటికి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. మన రంగంలో అది బ్యాచ్ రికార్డులోకి, పౌచ్‌లోకి, పెట్టెలోకి ఎక్కి, మన పేరు కూడా తెలియని ఒక రోగి శరీరం దాకా వెళుతుంది. అందుకే ఈ గంటలో ఒక్క విషయమే మాట్లాడదలచుకున్నాను: లోపాన్ని అందరికంటే ముందు చూసిన మనిషి మాట, నిర్ణయం తీసుకోవలసిన మనిషి దాకా ఎందుకు చేరదు, దారిలో దాన్ని ఎవరు, ఎలా ఆపుతారు.

నేను పనిచేసిన ఒక సంస్థలో క్యాథెటర్లను, అంటే రోగి శరీరంలోకి పంపే సన్నని గొట్టాలను, పౌచ్‌లలో పెట్టి సీల్ చేసే లైను ఉండేది. పౌచ్‌కు ఒక వైపు పారదర్శకమైన ఫిల్ము, మరో వైపు టైవెక్ అనే తెల్లని పదార్థం ఉంటాయి. ఈ రెంటినీ నిర్ణీతమైన వేడితో, ఒత్తిడితో, నిర్ణీత వ్యవధిలో అతికించి, ఆ తర్వాత ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతో స్టెరిలైజ్ చేస్తారు. ఆ వాయువు టైవెక్ గుండా లోపలికి వెళ్లి తిరిగి బయటకు రాగలదు గాని సూక్ష్మక్రిములు దాన్ని దాటలేవు. కాబట్టి సీలు సరిగా ఉన్నంతవరకే లోపలి వస్తువు స్టెరైల్. సీలులో వెంట్రుకవాసి సందు ఉన్నా, పౌచ్ మీద మనం వేసిన ముద్ర అబద్ధమవుతుంది.

క్వార్టర్ ముగియడానికి నాలుగు రోజులుందనగా, ఆ లైనులో రాత్రి షిఫ్టు చేస్తున్న ఒక ఆపరేటరు సీలు కుడి మూలలో సన్నని గీత ఉన్నట్టు గమనించింది. పౌచ్‌ను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని కొంచెం వంచితేనే ఆ గీత కనిపించేది. ఆమె అటువంటివి ఏడు పక్కన పెట్టి, ఒక్కొక్కదాని మీద టేపు అంటించి, సీలు వేసిన సమయం రాసి పెట్టుకుంది. సూపర్‌వైజరుకు చూపిస్తే, "నీ పని సీలు వెయ్యడం, చూడడం క్వాలిటీ వాళ్ల పని" అన్నాడు. ఉదయం షిఫ్టు మారిన తర్వాత గౌను మార్చుకునే గది బయట నలభై నిమిషాలు నిలబడి, నేను రాగానే ఆ కవరు చేతికిచ్చి, "ఏమీ అనుకోకండి సార్, నా భ్రమే కావచ్చు, మీరొకసారి చూడండి" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. సంస్థను కాపాడుతున్న మనిషి క్షమాపణతో మాట మొదలుపెట్టవలసి వచ్చిందంటే, ఆమెకు అంతకు ముందు ఎన్నిసార్లు ఏం జవాబు వచ్చి ఉంటుందో ఆలోచించండి.

సీలు బలాన్ని చూసే పీల్ టెస్టు మేము ప్రతి షిఫ్టులోనూ చేసేవాళ్లం, ఫలితాలు ఎప్పుడూ బాగానే వచ్చేవి. కారణం తర్వాత తెలిసింది: పరీక్ష కోసం కత్తిరించే ముక్కను ఎప్పుడూ సీలు మధ్య భాగం నుంచే తీసేవాళ్లం. హీటరు కుడి చివర పాతబడి వేడి తగ్గింది, మధ్యలో మాత్రం సరిగానే ఉంది. అంటే మా పరీక్ష మంచి భాగాన్నే మళ్లీ మళ్లీ చూసి మంచిదని చెబుతూ వచ్చింది. ఆమె ఇచ్చిన ఏడు పౌచ్‌లకు రంగు ద్రవంతో డై టెస్టు చేస్తే నాలుగింటిలో రంగు సీలు దాటి అవతలికి వచ్చింది. నేను ఆ బ్యాచ్‌ను హోల్డ్‌లో పెట్టాను, అంటే బయటకు పంపకుండా నిలిపివేశాను. పది నిమిషాల్లో ప్లాంటు అధిపతి ఫోను చేసి, "హోల్డ్ వేసే ముందు నన్ను అడగాలని తెలియదా?" అన్నారు. రంగు ఎన్ని పౌచ్‌లలో దాటిందని మాత్రం అడగలేదు.

ఆ రోజు మూడు గంటలు సమావేశం జరిగింది. అప్పటికే రెండు బ్యాచ్‌లు గోడౌను దాటి వెళ్లిపోయాయి. హీటరు ఎప్పటి నుంచి పాడైంది, ఏ తేదీ నుంచి సీళ్లను అనుమానించాలి అన్నదే అక్కడ మొదటి ప్రశ్న కావాలి. దానికి బదులు ఈ విషయాన్ని "లోపం" అని రాయాలా, "పరిశీలన" అని రాయాలా అన్నదాని మీద చర్చ సాగింది. లోపం అని రాస్తే పంపిన సరుకును వెనక్కి పిలవవలసి ఉంటుంది, పరిశీలన అని రాస్తే గడువు దొరుకుతుంది. పంపిన రెండు బ్యాచ్‌లనూ వెనక్కి తెప్పించాలన్న నిర్ణయం చివరికి జరిగింది గాని, దానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఎన్ని పౌచ్‌లు తెరిచారో, ఎవరికి వాడారో మాకు తెలియదు. ఎవరికీ హాని జరిగినట్టు సమాచారం రాలేదన్న వాక్యం నివేదికలో ఉంది. కానీ క్యాథెటర్ వేసిన రోగికి ఇన్‌ఫెక్షన్ వస్తే దానికి ఆసుపత్రిలో వంద కారణాలు కనబడతాయి. పారేసిన పౌచ్ మూలలోని గీతను ఎవరు వెతుకుతారు?

ఇక కాపా రికార్డు సంగతి. దిద్దుబాటు, నివారణ చర్యల కోసం మనం రాసే ఆ పత్రంలో మూల కారణం అన్న గడిలో "ఆపరేటరు పొరపాటు" అని, చర్య అన్న గడిలో "తిరిగి శిక్షణ" అని రాశారు. హీటరు మార్చిన సంగతి మెయింటెనెన్స్ రికార్డులో వేరే ఎక్కడో ఉంది. లోపాన్ని పట్టుకున్న మనిషినే ఒక గంట కూర్చోబెట్టి, సీలు ఎలా వేయాలో చెప్పి, హాజరు పత్రం మీద సంతకం చేయించారు. ఆ కాపాను ముగిస్తూ నాణ్యత విభాగం తరఫున సంతకం చేసినది నేను. అప్రైజల్ దగ్గరలో ఉందన్న భయం నాకుంది, ఫైలు త్వరగా క్లోజ్ చేయాలన్న ఒత్తిడి ఉంది. వాటిలో ఏదీ ఆ సంతకానికి సమర్థన కాదు. ఆ తర్వాత ఆ లైను నుంచి చాలా నెలలపాటు ఒక్క ఫిర్యాదూ పైకి రాలేదు. యాజమాన్య సమీక్షలో దాన్ని మెరుగుదల అని చూపించారు.

ఇది ఒక్క సంస్థ కథ అయితే మీ సమయం తీసుకునేవాణ్ణి కాదు. మన రంగంలో విద్యార్థులందరూ చదువుకునే థెరాక్-25 ఉదంతాన్ని ఈ కోణం నుంచి మళ్లీ చూడండి. అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ తయారుచేసిన ఆ రేడియేషన్ చికిత్సా యంత్రం 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు ఆరుగురు రోగులకు అపరిమితమైన మోతాదు ఇచ్చింది. వారిలో కొందరు దాని వల్లనే మరణించారు. పాత నమూనాల్లో ప్రమాదాన్ని అడ్డుకునే హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లు ఉండేవి, ఈ యంత్రంలో వాటి పనిని సాఫ్ట్‌వేరుకు అప్పగించారు. ఆ సాఫ్ట్‌వేరులో పాత యంత్రాల నాటి భాగాలే ఉన్నాయి. పాత యంత్రంలో అదే తప్పు జరిగినా హార్డ్‌వేర్ ఆపేది కాబట్టి, తప్పు ఉన్నదన్న సంగతే బయటపడలేదు. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ యంత్రం ముందు కూర్చున్న ఆపరేటర్ల పరిస్థితి. యంత్రం రోజూ ఎన్నోసార్లు ఏదో ఒక అంకెతో దోష సందేశం ఇచ్చి ఆగేది. ఆ అంకెకు అర్థమేమిటో వాళ్లకు ఇచ్చిన పుస్తకంలో సరిగా లేదు. ఒక మీట నొక్కి ముందుకు వెళ్లడమే అలవాటైంది. 1986 మార్చిలో టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో ఒక రోగికి ప్రమాదం జరిగినప్పుడు తెర మీద కనిపించినది "మాల్‌ఫంక్షన్ 54". తయారీదారు ఇంజినీర్లు వచ్చి చూసి, తప్పును మళ్లీ రప్పించలేక, ఈ యంత్రం అధిక మోతాదు ఇవ్వడం సాధ్యం కాదన్నారు. ఇలాంటివి ఇంకెక్కడా జరిగినట్టు తమకు తెలియదని కూడా ఆసుపత్రికి చెప్పారు. అప్పటికి వేరే ఆసుపత్రుల నుంచి ఆ సంస్థకు ఫిర్యాదులు వెళ్లి ఉన్నాయి. మూడు వారాలకు, ఏప్రిల్‌లో, అదే ఆసుపత్రిలో, అదే యంత్రం మీద మరో రోగికి అదే జరిగింది. అప్పుడు ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త, ఆ ఆపరేటరు కలిసి కూర్చుని, ఆ రోజు చేసిన పనిని పదే పదే చేసి చూశారు. తప్పుగా కొట్టిన అక్షరాన్ని కొన్ని క్షణాల్లో సరిదిద్ది ముందుకు వెళితే మాల్‌ఫంక్షన్ 54 వస్తోంది. నిత్యం ఆ పని చేసి చేయి తిరిగిన మనిషి వేగంతో టైపు చేస్తేనే ఆ లోపం బయటపడుతుంది; నెమ్మదిగా టైపు చేసే ఇంజినీరుకు అది ఎన్నటికీ కనిపించదు. ఆపరేటరు చేతికి తెలిసినది సంస్థకు తెలియడానికి ఇద్దరు రోగులు బలి కావలసి వచ్చింది.

మరో మూడు ఉదాహరణలు క్లుప్తంగా చెబుతాను. 1979 నుంచి 1986 వరకు అమ్మిన ఒక రకం బియోర్క్-షైలీ గుండె కవాటంలో వెల్డింగు చేసిన లోహపు కమ్మి విరిగి, వందల సంఖ్యలో కవాటాలు రోగుల గుండెల్లోనే విఫలమయ్యాయి. తర్వాతి విచారణల్లో, తిరిగి వెల్డింగు చేసినట్టు రాసిన కొన్ని తయారీ రికార్డుల మీద అప్పటికే సంస్థను వదిలి వెళ్లిన ఉద్యోగి పేరు ఉన్నట్టు బయటపడింది. ఫ్రాన్స్‌లో పాలీ ఇంప్లాంట్ ప్రొథీస్ అనే సంస్థ వైద్య అవసరాలకు అనుమతి లేని పారిశ్రామిక సిలికోన్‌ను రొమ్ము ఇంప్లాంట్లలో నింపింది; ముందే తేదీ చెప్పి వచ్చే ఆడిటర్ల కంట పడకుండా ఆ పదార్థాన్ని దాచేవారు, 2010లో ప్రభుత్వ తనిఖీతో గాని అది ఆగలేదు. అమెరికాలో గైడెంట్ సంస్థ, గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాకు ఇచ్చి సరిదిద్దడానికి శరీరంలో అమర్చే తన డీఫిబ్రిలేటరులో షార్ట్ సర్క్యూట్ లోపాన్ని 2002లోనే సరిదిద్ది, పాత పరికరాలు శరీరంలో ఉన్నవారి వైద్యులకు మాత్రం చెప్పలేదు. 2005లో ఒక యువకుడు మరణించాక, అతని వైద్యులు నోరు విప్పాక ఆ సంగతి లోకానికి తెలిసింది. ఈ మూడు చోట్లా తెలిసినవాళ్లు సంస్థ లోపలే ఉన్నారు. సరుకు దాచడానికి చేతులు కావాలి, సంతకం పెట్టడానికి కలం పట్టే మనిషి కావాలి, డిజైను మార్చడానికి ఒక బృందం కావాలి. వాళ్లంతా దుర్మార్గులని నేను నమ్మను. వాళ్లలో ఎక్కువమంది, మనలాగే, నెల జీతం మీద ఇల్లు నడుపుకునేవాళ్లు.

చట్టం ఈ విషయాన్ని మన యాజమాన్యాల కంటే బాగా అర్థం చేసుకుంది. పరికరం వల్ల మరణమో తీవ్రమైన గాయమో జరిగి ఉండవచ్చని తెలిసినప్పటి నుంచి 30 రోజుల్లో తయారీదారు నివేదిక పంపాలని అమెరికా నిబంధన చెబుతుంది. ఆ 30 రోజులు ఎప్పుడు మొదలవుతాయి? సంస్థలోని ఏ ఉద్యోగికైనా సంగతి తెలిసిన రోజున. డైరెక్టరుకు తెలిసిన రోజు కాదు, సమీక్షలో చర్చించిన రోజు కాదు. ఫోను ఎత్తిన సేల్స్ కుర్రాడికి సోమవారం తెలిస్తే, సంస్థకు సోమవారమే తెలిసినట్టు. అదే ఆహార, ఔషధ చట్టం కింద 1975లో అమెరికా సుప్రీంకోర్టు పార్క్ కేసులో, లోపాన్ని నివారించే అధికారం ఉన్న ఉన్నతాధికారి స్వయంగా తప్పు చేయకపోయినా బాధ్యత వహించాలని తేల్చింది. యూరోపియన్ యూనియన్ 2017 వైద్య పరికరాల నియమావళిలోని 15వ అధికరణం, నిబంధనల అమలుకు బాధ్యుడైన వ్యక్తికి ఆ విధిని సక్రమంగా నిర్వహించినందువల్ల సంస్థలో ఎలాంటి నష్టమూ కలగకూడదని స్పష్టంగా రాసింది. ఒక సాంకేతిక నియమావళిలో ఇటువంటి వాక్యం అవసరమైందంటే, అది రాసినవాళ్లకు మన సమావేశ మందిరాల్లో ఏం జరుగుతుందో తెలుసన్నమాట.

మాట ఎలా ఆగుతుందో ఇప్పుడు చెబుతాను. చాలా సందర్భాల్లో ఎవరూ నోరు మూయమని ఆదేశించరు. ఫిర్యాదులు ఎన్ని రోజుల్లో క్లోజ్ అయ్యాయన్న అంకెను మాత్రమే ప్రతి నెలా చూపిస్తే, విచారణ చేయడం మానేసి క్లోజ్ చేయడం మొదలవుతుంది. నాణ్యత విభాగం అధిపతి అప్రైజల్‌ను ఉత్పత్తి విభాగం అధిపతి రాస్తే, హోల్డ్ వేసే చేయి దానంతట అదే వణుకుతుంది. సమీక్షలో ఎర్ర రంగు చూపించిన వాడిని నిలబెట్టి ప్రశ్నించి, ఆకుపచ్చ చూపించిన వాడిని ఏమీ అడగకపోతే, మూడో నెలకల్లా స్లయిడ్లన్నీ ఆకుపచ్చగా మారతాయి. చివరి రాత్రి మేలుకుని సరుకు పంపినవాళ్లకు అందరి ముందూ చప్పట్లు కొడతారు. ఆ చివరి రాత్రి అవసరం రాకుండా మూడు నెలల ముందే హీటరు మార్చమని అడిగిన వాడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఇవన్నీ జీతం, గౌరవం, పదోన్నతి అనే మామూలు దారుల్లోనే జరిగిపోతాయి, అందుకే ఆడిటరుకు దొరకవు.

మనుషులు వెళ్లిపోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీనిని హెచ్ఆర్ సమస్య అని పక్కకు తోసేస్తారు. ఒక డ్రాయింగులో ఫలానా కొలత ఇంత మాత్రమే ఉండాలని రాసి ఉంటుంది. ఎందుకు ఉండాలో డిజైను చరిత్ర ఫైలులో వివరంగా ఉండాలి గాని, చాలా చోట్ల అది నలుగురైదుగురి తలల్లోనే ఉంటుంది. చెడ్డ మేనేజరు కింద మొదట రాజీనామా చేసేవాళ్లు వాళ్లే, ఎందుకంటే వాళ్లకు బయట ఉద్యోగం సులువుగా దొరుకుతుంది. ఏడాదిలో ముగ్గురు వెళ్లిపోతే, ఆ తర్వాత ఖర్చు తగ్గించడానికి ఆ కొలతను సడలించమని ఎవరైనా ప్రతిపాదించినప్పుడు, "అది కుదరదు, ఫలానా ఏడాది దాని వల్లే పంపు ఆగింది" అని చెప్పగల మనిషి ఆ గదిలో ఉండడు. మార్పు పత్రం మీద సంతకాలన్నీ సక్రమంగానే ఉంటాయి. వైద్య పరికరాల ప్రమాదాలను అంచనా వేసి అదుపు చేయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14971 ప్రకారం రాసిన ప్రమాద విశ్లేషణ కూడా పూర్తిగానే కనిపిస్తుంది, దాన్ని రాసిన బృందానికి తెలియని ప్రమాదం తప్ప.

ఇప్పుడు నేను ఏ సంస్థకైనా ఆడిట్‌కు వెళితే మొదట అడిగేవి వేరు. కాపా జాబితాలో "తిరిగి శిక్షణ" తో ముగిసినవి ఎన్నో లెక్కపెడతాను; సగం దాటితే అక్కడ యంత్రాలను, పద్ధతులను కాకుండా మనుషులను మాత్రమే దిద్దుతున్నారని నా అంచనా. హోల్డ్ రిజిస్టరు తెప్పించుకుని, క్వార్టర్ చివరి వారంలో వేసిన హోల్డులు, ఎత్తేసిన హోల్డులు చూస్తాను. మిగతా వారాలతో పోలిస్తే ఎత్తేసినవి ఎక్కువై వేసినవి తగ్గితే, కారణం సీళ్లలో వెతకనక్కరలేదు. ఆ తర్వాత మేనేజర్లు వెంట లేకుండా రాత్రి షిఫ్టు వాళ్లతో కూర్చుని, గత ఆరు నెలల్లో ఎవరైనా లైను ఆపారా, ఆపితే మర్నాడు ఏం జరిగింది అని అడుగుతాను. "ఎవరైనా ఆపవచ్చు" అని గోడ మీద పోస్టరు ప్రతి చోటా ఉంటుంది. ఆపిన మనిషి పేరు చెప్పగలిగిన చోట్లు నాకు తక్కువే కనబడ్డాయి. అలా చెప్పగలిగిన ఒక చోట, ఆపిన అమ్మాయి సీలింగు విభాగంలో షిఫ్టు ఇన్‌ఛార్జి అయిందని వాళ్లే గర్వంగా చెప్పారు. ఆ రోజు నేను రికార్డులు చూడడం మానలేదు గాని, చూసే కళ్లలో అనుమానం తగ్గింది.

మొదట చెప్పిన సంస్థలో రెండేళ్ల తర్వాత నాణ్యత విభాగం బాధ్యత నాకు వచ్చింది. మొదటి వారంలో ఆ పాత కాపా ఫైలు తెప్పించాను. మన రికార్డుల్లో రాసిన మాటను చెరపకూడదు, మీద తెల్లరంగు పూయకూడదు. ఒక్క గీతతో కొట్టివేసి, పాత మాట చదవడానికి వీలుగా ఉంచి, పక్కన సరైన మాట, కారణం, తేదీ, సంతకం ఉండాలి. "ఆపరేటరు పొరపాటు" అన్న మాట మీద గీత గీసి, "హీటరు కుడి చివర వేడి తగ్గుట, పరీక్ష నమూనా తీసే స్థానం సరికాదు, లోపాన్ని మొదట గుర్తించినది ఆపరేటరు" అని రాశాను. పీల్ టెస్టు నమూనాను రెండు మూలల నుంచి, మధ్య నుంచి తీయాలని పద్ధతి మార్చాము. ఆమె అప్పటికే పని మానేసి వెళ్లిపోయింది. సిబ్బంది విభాగం దగ్గర ఉన్న నంబరుకు నేనే ఫోను చేసి, రికార్డులో ఇప్పుడు ఏముందో చదివి వినిపించాను. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రెండు బ్యాచ్‌లు వెనక్కి వచ్చాయా సార్?" అని అడిగింది. చాలావరకు వచ్చాయని చెప్పాను.